గీటమ్మ నక్షత్రం

మా పెద్దమ్మకు రెండంటే గిట్టదు. వంకర గీత ఒకటి, మా అమ్మ ఒకటి. వంకర గీతనైనా అప్పుడప్పుడూ క్షమించేది.

పెద్దమ్మ అంటే మా పెదనాన్న భార్య. వాళ్లది కింది వాటా, మాది పై వాటా. తోడికోడళ్లిద్దరూ ఒకే ఇంట్లో ఉండటం చాలదన్నట్టు, ఇద్దరి ఉద్యోగమూ ఒకే చోట. ప్లానెటేరియంలో పెద్దమ్మ బొమ్మలూ బోర్డులూ వేసే పెయింటరు. అమ్మ షో నడిచేటప్పుడు చీకట్లో మైకు ముందు కూర్చుని వ్యాఖ్యానం చెప్పేది. పొద్దున ఇద్దరూ ఒకే బస్సు ఎక్కి, ఒకరు ముందు తలుపు దగ్గరా ఒకరు వెనక తలుపు దగ్గరా నిలబడేవాళ్లు. అన్నదమ్ములు మాత్రం ఈ యుద్ధంలో ఏ పక్షమూ కాదు. మాటలు మొదలవగానే పెదనాన్న పెరట్లోకీ, నాన్న వీధి గుమ్మంలోకీ పేపరు పట్టుకుని తప్పుకునేవాళ్లు. ఒకే పేపరు, చెరి సగం.

డాబా మాత్రం ఉమ్మడిది. కాపురానికి వచ్చిన కొత్తలో అమ్మ, పెద్దమ్మ బట్టలారేసే తీగ మీద ఒక తడి దుప్పటి ఆరేసిందట. మర్నాడు పెద్దమ్మ తెల్ల ఎనామెల్ రంగు డబ్బా తెచ్చి, రెండు మేకులు కొట్టి, వాటి మధ్య తీగ బిగించి, డాబాను ఈ చివర నుంచి ఆ చివర దాకా రెండు ముక్కలు చేసింది. ఆ గీత ఎంత తిన్నగా వచ్చిందంటే, ఏదో మరమ్మతుకు వచ్చిన మేస్త్రీ వంగి ఒక కన్ను మూసి చూసి, "ఎవరండీ ఈ గీత కొట్టింది?" అని మెచ్చుకున్నాడు.

"మా ఇంటి పెద్దకోడలు," అంది అమ్మ. "మనుషుల్నీ ఇంత తిన్నగానే కోస్తుంది."

ఏటా వానలు వెలిశాక ఆ గీత మీద కొత్త పూత పడేది. నేను నడక నేర్చింది ఆ గీతకి ఇవతలి వైపున. అవతలికి పాకితే ఎవరో ఒకరు కాలు పట్టుకుని వెనక్కి లాగేవాళ్లు.

పెద్దమ్మ తండ్రి దుకాణాలకు బోర్డులు రాసేవాడు. ఆయనకు కొడుకులు లేరు, కుంచెలు మాత్రం ఉన్నాయి. పెద్దమ్మ ఆ కుంచెలతో పెరిగింది. "అక్షరం ఎవడైనా రాస్తాడు, అంచు తేలాలి" అన్నది ఆయన ఆమెకు నేర్పిన చదువు. ప్లానెటేరియం కడుతున్నప్పుడు పెయింటరుగా చేరింది. శనిగ్రహం చుట్టూ వలయాలు, చంద్రుడి మీద గుంటలు, మెట్ల దగ్గర బాణం గుర్తులు, మరుగుదొడ్డి తలుపు మీద ఆడమనిషి బొమ్మ, అన్నీ ఆమె చేతివే. పెద్ద వృత్తం కావాల్సివస్తే మేకు కొట్టి తీగ కట్టి తిప్పేది. తాడు వాడేవాళ్లంటే ఆమెకు అసహ్యం. "తాడు సాగుతుంది. సాగే దాంతో గీసిన గుండ్రం గుమ్మడికాయలా వస్తుంది," అనేది. ఆఫీసులో అందరూ ఆమెను గీటమ్మ అనేవాళ్లు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. అంటే మాత్రం ఆమెకు కోపం వచ్చి ఉండేది కాదని నా అనుమానం.

ఆ ఏడాది కొత్త డైరెక్టర్ వచ్చాడు. ఆయనకు ఫ్లెక్సులంటే ప్రాణం. వచ్చీ రాగానే శనిగ్రహం మీద ఫ్లెక్సు పడింది, చంద్రుడి మీద పడింది, బాణం గుర్తుల మీద కూడా పడింది. పెద్దమ్మకు మిగిలింది లోపలికి రాగానే ఎదురయ్యే రెండంతస్తుల ఎత్తు గోడ ఒక్కటే. ఆ గోడ మీద 'తెలిసిన అతి పెద్ద నక్షత్రం' బొమ్మ కావాలన్నాడు డైరెక్టర్. "ముందు మీరు వేయండి. బాగుంటే ఉంచుదాం. లేదంటే దీని మీదా ఫ్లెక్సే. అప్పుడు ఇక మీ వర్క్‌షాపుతో కూడా పని ఉండదు, ఆ గది స్టోరు చేసేద్దాం," అని నవ్వుతూ చెప్పాడు. అలాంటి మాటలు ఆయన ఎప్పుడూ నవ్వుతూనే చెప్పేవాడు.

నక్షత్రం లెక్కలు ఇవ్వాల్సింది అమ్మ. అంటే ఇద్దరూ మాట్లాడుకోవాలి. అమ్మ ఒక చీటీ మీద రాసి ప్యూన్ చేత పంపింది. సూర్యుణ్ణి మిరియపు గింజంత వేస్తే, నక్షత్రం అడ్డంగా దానికి పదిహేను వందల రెట్లు ఉండాలని. అంటే ఏడున్నర మీటర్లు. గోడ అడుగున మేకు కొట్టి సగం గుండ్రం వేస్తే సరిపోతుంది.

ప్యూన్ తిరిగొచ్చి జవాబు నోటితో చెప్పాడు. "ఏ నక్షత్రమో పేరెందుకు రాయలేదని అడుగుతున్నారు మేడం."

"పేరు పెడితే వచ్చే ఏడాది మార్చాల్సి వస్తుందని చెప్పు."

అది నిజమే. డాలు పేరుతో పిలిచే ఒక చిన్న నక్షత్రరాశిలో ఒక ఎర్రటి నక్షత్రం ఉంది. అన్నిటికంటే పెద్దది అదేనని కొన్నేళ్లు అందరూ చెప్పుకున్నారు. తర్వాత కొత్త కొలతల్లో అది అనుకున్నదాని కంటే మనకు దగ్గరగా ఉందని తేలింది. దగ్గరగా ఉంటే అంత పెద్దది కానక్కర్లేదు. సైజు ఇంచుమించు సగానికి పడిపోయింది. కిరీటం ఇంకోదానికి పోయింది. దాని దూరం మీదా అనుమానాలే.

ఇది విని పెద్దమ్మ, "ఇవాళ ఏనుగు, రేపు ఎలుక. ఇలాంటి సరుక్కి నేను గోడ ఖరాబు చేసుకోవాలా?" అందట.

అయినా వేసింది. మేకు కొట్టి, తీగ కట్టి, పరంజా మీద ఒక్కో మెట్టూ దిగుతూ ఎక్కుతూ సుద్దతో గీత తిప్పి, దాని మీద కుంచె నడిపింది. లోపల నారింజ, కాషాయం, ఎరుపు, ఒకదాని మీద ఒకటి మంటలా మెలికలు. ఆ మంటను కట్టిపడేసినట్టు చుట్టూ అంచు. అంచుకు లోపల నిప్పు, అంచుకు బయట నలుపు, మధ్యలో వెంట్రుకంత సందేహం లేదు. పక్కన ఒక మూల మిరియపు గింజంత పసుపు చుక్క. జనం వచ్చి ముందు ఆ పెద్దదాన్ని చూసి ఆగిపోయేవాళ్లు. తర్వాత చుక్కను చూసి, అది సూర్యుడని చదివి, ఇంకాస్త సేపు ఆగిపోయేవాళ్లు.

అమ్మ ఆ గోడను చూసి వచ్చింది. తర్వాత కొత్త షో కోసం వ్యాఖ్యానం రాసుకుని ఇంట్లో వల్లెవేయడం మొదలుపెట్టింది. అటూ ఇటూ నడుస్తూ గట్టిగా చెప్పుకోవడం ఆమెకు అలవాటు. కింద పెద్దమ్మ చీపురు కర్రతో కప్పును పొడుస్తూ ఉండేది.

"ఎంత పెద్ద దుర్భిణి పెట్టి చూసినా ఇంచుమించు ఏ నక్షత్రమైనా చుక్కలాగే కనిపిస్తుంది," అని అమ్మ నడక. టక్కు టక్కుమని కింది నుంచి కర్ర.

"మరి దాని వెడల్పు ఎలా కొలుస్తారు? దూరదూరంగా రెండు దుర్భిణులు పెట్టి, రెండింటి వెలుగునూ ఒకచోట కలుపుతారు. అక్కడ వెలుగు చారలు చారలుగా పడుతుంది. దుర్భిణుల్ని ఎడంగా జరుపుతూ పోతే ఒకచోట ఆ చారలు చెరిగిపోతాయి. ఎంత ఎడంలో చెరిగాయో చూసి, నక్షత్రం మనకు ఎంత వెడల్పుగా కనిపిస్తోందో లెక్కగడతారు." మళ్లీ టక్కు టక్కు.

"కానీ కనిపించే వెడల్పు చాలదు. అది ఎంత దూరంలో ఉందో కూడా తెలియాలి. కంటి ముందు పెట్టుకున్న వేలు ఎదురింటి నీళ్ల ట్యాంకును దాచేస్తుంది. అంతమాత్రాన వేలు ట్యాంకంత కాదు గదా!"

కింది నుంచి కిటికీలోంచి గొంతు వచ్చింది. "దగ్గరగా ఉన్నవాళ్లు పెద్దగా కనిపిస్తారని నాకు నువ్వు చెప్పక్కర్లేదు! నెత్తి మీదే ఉన్నావుగా!"

ఆ వ్యాఖ్యానం పెద్దమ్మకు మాకంటే ముందు కంఠతా వచ్చేసింది. అందులోని ఆఖరి ముక్క మాత్రం ఆమె కప్పు కింద కూర్చుని విన్నట్టు లేదు. దాన్ని అమ్మ ఆఫీసు మీటింగులో వాడింది.

ఆ మీటింగు గురించి మా ఇంట్లో రెండు కథలున్నాయి. పై వాటా కథ ప్రకారం డైరెక్టర్ అడిగితేనే అమ్మ చెప్పింది. కింది వాటా కథ ప్రకారం అమ్మ కత్తి నూరుకుని వెళ్లింది. రెండు కథల్లోనూ మాటలు మాత్రం ఒకటే.

"గోడ అద్భుతంగా ఉంది సార్. ఆ అంచు ఒక్కటే తప్పు."

"అంచు తప్పేమిటి?"

"ఇలాంటి నక్షత్రాలకి అంచు ఉండదు సార్. గట్టి నేలా అదీ ఏమీ లేదు. ఒళ్లంతా వాయువు. బయటికి వచ్చేకొద్దీ పలచబడుతూ పోతుంది. ఒక రకం వెలుగులో కొలిస్తే ఒక సైజు, ఇంకో రకంలో కొలిస్తే ఇంకో సైజు. కత్తితో కోసినట్టు గీత గీస్తే పిల్లలు బంతి అనుకుంటారు."

పెద్దమ్మ కూర్చున్న చోటి నుంచి లేవలేదట. "చారలు చెరిగితే మీకు సైజు తెలుస్తుంది. నేను చెరిపితే నాకు ఉద్యోగం పోతుంది," అని మాత్రం అందట.

"అంత కష్టమెందుకు?" అని నవ్వాడు డైరెక్టర్. "కంప్యూటర్లో అంచు మసకగా చేసి ఫ్లెక్సు కొట్టిద్దాం. సోమవారం మనిషి వచ్చి కొలతలు తీసుకుంటాడు."

ఆ సాయంత్రం అమ్మ ఇంటికి వచ్చి కాఫీ కలుపుకుని తాగకుండా వదిలేసింది. "తప్పు తప్పనే గదా చెప్పాను," అని గిన్నెలతో అంది. నేను వింటున్నానని గమనించి, "నువ్వు నీ పుస్తకం చూసుకో," అంది.

మర్నాడు ఉదయం మెట్ల దగ్గర ఇద్దరూ ఎదురయ్యారు. అమ్మ చేతిలో బకెట్టు. పెద్దమ్మ పక్కకు జరగలేదు.

"ఏమమ్మా, నీ నక్షత్రం ఎక్కడిదాకా పోతుంది?"

అమ్మ ఉలిక్కిపడింది. పెద్దమ్మ ఆమెను ఏదైనా అడిగి ఎంతకాలమైందో.

"ఎక్కడిదాకా అని లేదక్కా. పలచబడుతూ పోతుంది."

"పలచబడేది ఏదైనా ఎక్కడో ఒకచోట అయిపోవాలిగా. మీ ఆయన జుట్టు చూడు."

"అయిపోయిందని మనం ఒకచోట అనుకోవాల్సిందే. అది మన లెక్క కోసం. నక్షత్రానికి తెలీదు."

"అంటే మీకూ తెలీదు."

"తెలీకపోవడం కాదు. అది అలాగే ఉంటుంది."

"అలాంటిదాన్ని కొలుస్తున్నామని జీతాలు తీసుకుంటున్నారన్నమాట. మంచిదే."

అమ్మ బకెట్టు కింద పెట్టింది. "అక్కా, అంచు లేకుండా వేయడం మీకు రాదు. అది ఒప్పుకుంటే పోయేదేముంది? ఫ్లెక్సు వాళ్లు వేసుకుంటారు."

పెద్దమ్మ అమ్మను పైనుంచి కిందికి చూసింది. గీత గీసే ముందు గోడను చూసే చూపు అది. తర్వాత లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. తలుపు చప్పుడుకు పెదనాన్న ఒకవైపు, నాన్న ఒకవైపు, చెరి సగం పేపరుతో లేచారు.

ఆదివారం ప్లానెటేరియానికి సెలవు. పెద్దమ్మ పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది. అమ్మ నన్ను పిలిచింది. "ఏం చేస్తోందో చూసిరా. నేను పంపానని చెప్పకు."

ప్లానెటేరియం హాలంతా టర్పెంటైన్ వాసన. పెద్దమ్మ పరంజా మీద ఉప్పుకాగితం పట్టుకుని తన అంచును తానే రుద్దేస్తోంది. గోడ కింద ఎర్రటి పొడి. నా చెప్పుల చప్పుడు విని తిరక్కుండానే అంది.

"మీ అమ్మ పంపిందా?"

"లేదు పెద్దమ్మా."

"అబద్ధం చెప్పేటప్పుడు చెవులు ఎర్రబడతాయి మీ ఇద్దరికీ. తిరిగి చూడక్కర్లేదు నేను." ఇంకాసేపు రుద్ది, "చూశావుగా. వెళ్లి చెప్పు, గీటమ్మ గీత చెరుపుకుంటోందని. నవ్వుకోమను."

అక్కడే ఒక స్టూలు మీద కూర్చున్నాను. ఆమె వెళ్లమని మళ్లీ చెప్పలేదు.

రుద్దడం అయ్యాక గుడ్డలో దూది చుట్టి మూట చేసింది. ఎర్రరంగులో టర్పెంటైన్ పోసి నీళ్లలా పలచన చేసి, మూటతో అద్దడం మొదలుపెట్టింది. ఒక పొర ఆరేలోపు ఇంకా పలచటి పొర, దాని పక్కన ఇంకా పలచటిది. కుంచెను ఒక్కసారి కూడా పట్టలేదు. రంగు నలుపులోకి దిగింది, నలుపు దాటి తెల్లగోడ మీదికి వచ్చింది. నాకు ఎక్కడో ఆగుతుందనిపించిన చోటల్లా ఆమె ఇంకో అడుగు పక్కకు జరిగింది. కప్పు అంచు దాటింది. టికెట్ కిటికీ చట్రం మీదుగా పోయింది. చివరికి అమ్మ కూర్చునే వ్యాఖ్యానం గది తలుపు దగ్గరికి వచ్చి, ఒక్క క్షణం ఆగి, దాని మీద కూడా అద్దింది. అంత దూరంలో అది రంగో, నీడో, మన కంటిలోని అలసటో చెప్పడం కష్టం.

"అయిపోయిందా పెద్దమ్మా?" అన్నాను.

"మీ అమ్మనడుగు. అది చెప్తుందిగా, అయిపోవడమన్నది మనం అనుకోవడమేనని."

ఇంటికి వెళ్లి అమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. తలుపు మాట వినగానే, "నా తలుపు మీదా!" అంది. మిగతాది వినలేదు.

సోమవారం అమ్మ కళ్లజోడు ఇంట్లో మరిచిపోయింది. ఇవ్వడానికి వెళ్లేసరికి హాలులో ఫ్లెక్సు మనిషి టేపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. డైరెక్టర్ గోడ వైపు చేయి ఊపుతున్నాడు. పెద్దమ్మ రంగు డబ్బా మీద కూర్చుని చేతులు తుడుచుకుంటోంది. అమ్మ తన గదిలోంచి వచ్చి నా చేతిలోంచి కళ్లజోడు తీసుకుంది.

"ఎక్కణ్ణుంచి ఎక్కడికి సార్?" అన్నాడు ఫ్లెక్సు మనిషి.

"నక్షత్రం మొత్తం కప్పాలయ్యా."

"మొత్తమంటే ఎక్కడిదాకా?" అతను గోడ దగ్గరికి వెళ్లి వేలు పెట్టాడు. "ఇక్కడుందా రంగు?"

"ఉంది," అంది పెద్దమ్మ.

అతను రెండడుగులు జరిగాడు. "ఇక్కడ?"

"చూస్తే ఉంది."

"చూడకపోతే?"

"చూడకపోయినా ఉంది."

అతను టేపు లాగాడు, వదిలాడు. అది సర్రుమని డబ్బాలోకి పోయింది. "సార్, ఫ్రేమ్ కొట్టాలంటే నాకో అంచు కావాలి. కొంచెం లోపలికి కొడితే చుట్టూ ఈ ఎరుపు మిగిలిపోయి అసహ్యంగా ఉంటుంది. అంతా కప్పాలంటే ఆ కిటికీ, ఆ తలుపు కూడా మూసెయ్యాలి."

"తలుపు మూయండి," అంది పెద్దమ్మ. "లోపల ఉండేది మా తోడికోడలే. ఇంట్లో ఎలాగూ నోరు మూయదు."

డైరెక్టర్ ముఖంలో నవ్వు మొదటిసారి తప్పింది. నా పక్కనే నిలబడి ఉన్న అమ్మ వైపు తిరిగాడు. "మీరు చెప్పండి మేడం. సైజు ఇచ్చింది మీరే గదా. నక్షత్రం ఎక్కడిదాకా అనుకోవాలి? ఒక గీత చూపించండి, అక్కడిదాకా కొడతాడు. మిగతాదానికి సున్నం వేయిద్దాం."

అమ్మ కళ్లజోడు పెట్టుకుంది. ఒక్క వేలు ఎత్తి 'ఇక్కడ' అంటే చాలు. గోడ పోతుంది, దానితో వర్క్‌షాపు పోతుంది, డాబా మీద గీతకు ఇన్నేళ్ల బాకీ తీరిపోతుంది. ఆ సంగతి హాలులో ఉన్న ఐదుగురిలో మా ముగ్గురికీ తెలుసు. పెద్దమ్మ అమ్మ వైపు చూడలేదు. చేతులు ఎప్పుడో శుభ్రమైపోయినా ఇంకా తుడుచుకుంటూనే ఉంది.

అమ్మ గోడ దగ్గరికి వెళ్లింది. మధ్యలో నుంచి మొదలుపెట్టి రంగు వెంట తన తలుపు దాకా నెమ్మదిగా నడిచింది. తలుపు మీద చేయి ఆనించి చూసింది. వెనక్కి తిరిగినప్పుడు ఆమె ముఖం ఓడినవాళ్ల ముఖంలా చిరాగ్గా ఉంది.

"ఏ వెలుగులో అడుగుతున్నారు సార్?" అంది.

"ఏమిటి?"

"ఏ వెలుగులో చూస్తే ఎక్కడిదాకా అని చెప్పాలి గదా. ఊరికే ఎక్కడిదాకా అంటే చెప్పలేను. వేలు పెట్టి చూపిస్తే అబద్ధమవుతుంది. మళ్లీ లోపలికి వెళ్లి మైకులో దీనికి అంచు లేదని నేనే చెప్పాలి."

ఫ్లెక్సు మనిషి డైరెక్టర్ ముఖం చూశాడు. డైరెక్టర్ గోడను చూశాడు. బయట స్కూలు పిల్లల బస్సు ఆగింది, అరుపులు దగ్గరవుతున్నాయి.

"తర్వాత కబురు చేస్తాంలే," అన్నాడు డైరెక్టర్. ఆ కబురు వెళ్లలేదు. వర్క్‌షాపు గది కూడా పెద్దమ్మ రిటైరయ్యేదాకా స్టోరు కాలేదు.

అమ్మ పక్కనుంచి వెళ్తుంటే పెద్దమ్మ డబ్బా మీద నుంచి లేచింది. "నా కోసం చెప్పావనుకుని సంబరపడతాననుకోకు."

"మీ కోసం చెప్పలేదక్కా. మీరు తలుపు మీద వేసిన రంగు తుడిచేయండి."

"తుడవను. అది నీ నక్షత్రమే. భరించు."

సాయంత్రం బస్సులో ఒకరు ముందు తలుపు దగ్గర, ఒకరు వెనక తలుపు దగ్గర. మధ్యలో నేను.

అప్పటి నుంచి అమ్మకు శాంతి లేదు. ప్రతి షో అయ్యాకా ఎవరో ఒకరు గది తలుపు తట్టేవాళ్లు. "మేడం, ఆ నక్షత్రం ఎక్కడిదాకా ఉంది?" పిల్లలైతే గోడ వెంట వేలు రాసుకుంటూ వచ్చి, తలుపు దాకా చేరి, "ఇక్కడ అయిపోయింది!" "లేదు, ఇంకా ఉంది!" అని కొట్టుకునేవాళ్లు. అమ్మ ఒక్కొక్కరికీ మొదటి నుంచీ చెప్పేది. రెండు దుర్భిణులు, చారలు, దూరం, వెలుగు. గొంతు బొంగురుపోయి ఇంటికి వచ్చి, "కావాలనే చేసింది, చచ్చేదాకా నాతో ఇదే వాగించాలని," అని నేల దద్దరిల్లేలా నడుస్తూ తిట్టేది. కింది నుంచి చీపురు కర్ర జవాబు చెప్పేది.

ఆ ఏడు వానలు వెలిశాక డాబా మీద బట్టలు తీయడానికి వెళ్లాను. పెద్దమ్మ మేకులు కొట్టి, తీగ బిగించి, గొంతుక్కూర్చుని గీత వేస్తోంది. అమ్మ ఇవతల నిలబడి చూస్తోంది.

"అక్కా, లావైంది. మా వైపు వేలెడు లోపలికి వచ్చింది."

"ఏ వెలుగులో చూస్తున్నావు?" అంది పెద్దమ్మ తల ఎత్తకుండా.